మీ శాఖను సంప్రదించండి

"ఇంకొక్కసారి కళ్ళార్పండి మాస్టారూ," అంది బల్ల వెనక కూర్చున్న ఆవిడ.

లెక్కల మాస్టారు ఫోను ముందు మళ్ళీ కళ్ళార్పారు. కుడికన్ను మూసుకుంది. మొహానికి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఎడమకన్ను ఆయన మాట వినడం మానేసింది. ఎదుట ఉన్నది మనిషేనని ఆయన ఖాతా ఉన్న బ్యాంకు నమ్మాలంటే రెండు కళ్ళూ ఆర్పి చూపించాలి. ఒక కన్నుతో సరిపెట్టుకునే రకం కాదది. ఖాతాకి తాళం పడి పదకొండు రోజులైంది. మాస్టారి భార్యకి రేపు గుండె ఆపరేషన్. సాయంత్రం లోపల ఆసుపత్రిలో డబ్బు కట్టకపోతే అది ఆగిపోతుంది.

"మీ శాఖను సంప్రదించండి," అంది ఫోను.

అందుకే కదా వచ్చింది అని విసుక్కున్నారు మాస్టారు. ఈ శాఖ చిరునామా పట్టుకోవడానికి ఆయనకి తలప్రాణం తోకకొచ్చింది. గుమ్మంలో కాపలా మనిషి, ఏదున్నా లోపల ఆవిణ్ణే అడగమన్నాడు.

ఆవిడ తాపీగా చెప్పుకొచ్చింది. పాతికేళ్ళ కిందట ఇద్దరు స్నేహితులు ఈ గదిలోనే ఒక్క కంప్యూటరుతో బ్యాంకు మొదలుపెట్టారు. పదేళ్ళకి వ్యవహారమంతా ఫోన్లలోకి మారడంతో ఉన్న ఒక్క కౌంటరూ ఎత్తేశారు. గోడలకి ఫొటోలు తగిలించి, గదిని గుర్తుగా ఉంచుకున్నారు. శాఖకి వెళ్ళమనే పాత మాటని మాత్రం ఫోనులోంచి తీసేయడం మరిచిపోయారు.

మాస్టారికి నాలుగు గోడలుండి తలుపు లేని గదిలో పడ్డట్టయింది.

"అయితే ఇక్కడా పని కాదా అమ్మా? ఆసుపత్రిలో నా భార్య నా కోసం చూస్తూ ఉంటుంది."

"కంగారుపడకండి. పదకొండు నుంచి పదకొండున్నర దాకా ఫోనులో బ్యాంకు మనిషి ఒకడు దొరుకుతాడు."

ఏ బటన్ మూడుసార్లు నొక్కాలో, ఏ ప్రశ్నకి జవాబివ్వకుండా ఊరుకోవాలో ఆవిడకి కొట్టిన పిండి. కాసేపటికి తెర మీద టై కట్టుకున్న మనిషి ప్రత్యక్షమై, ఆవిణ్ణి చూడగానే నమస్కారం పెట్టాడు. ఆవిడ మాస్టారి చేత, మొహానికి పక్షవాతమని రాసిన డాక్టరు చీటీ చూపించింది. ఆయన తడబడినచోట మాట అందించింది. రేపు చూద్దామని అతను నసిగితే, ఏ నిబంధన ప్రకారం ఇవాళే చూడాలో నంబరుతో సహా చెప్పింది. పావుగంటలో ఖాతా తెరుచుకుంది, ఆసుపత్రికి డబ్బు వెళ్ళిపోయింది.

మాస్టారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈ ఒక్క పనికి ఎడమకన్ను కూడా ఒప్పుకుంది. చూపించడానికి చీటీ ఉంది కాబట్టి బయటపడ్డారని, అది లేనివాళ్ళ పాట్లు పగవాడికి కూడా వద్దని ఆవిడ అంది.

"మీలాంటి పనిమంతురాలిని ఈ మూలగదిలో కూర్చోబెట్టారేమిటమ్మా? మీ పైవాళ్ళకి ఉత్తరం రాస్తాను. ఎన్నేళ్ళ సర్వీసు మీది?"

ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీస్తూ నవ్వింది.

"నా ఖాతా తెరిపించుకుందామని వచ్చి నాలుగేళ్ళయిందండీ."