అన్నిట్ల ఐదే

మొదటి దెబ్బ హన్మండ్లు చెవి మీద పడింది. బైకుతో సహా మోస్రా రోడ్డు పక్క చెరుకు తోటలోకి దొర్లాడు.

లేచేలోపే రామ్‌దాస్ అతని ఛాతీ మీద మోకాలు పెట్టాడు. చేతిలో చెరుకు నరికే కత్తి ఉంది.

"నా నౌకరీ తిన్నది నువ్వే గదరా."

ఇద్దరూ ఒకే చక్కెర మిల్లులో ఫీల్డ్ సూపర్‌వైజర్లు. పాత స్నేహితులు. పనిలో ఒకటో నంబర్ తనేనని రామ్‌దాస్ ఊరంతా చెప్పుకునేవాడు.

ఈ సీజన్‌లో మిల్లు ఉద్యోగుల పనితీరు కొలిచే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. అందరికంటే వెనకబడ్డవాడు ఇంటికే. ఆ పొద్దున ఇంటికి పొమ్మన్నది రామ్‌దాస్‌నే.

"లోడ్ల లెక్క మంచిగుందన్నా. హాజరు మంచిగుంది," అంది ఆఫీసులో ఆ లెక్కలు చూసే శృతి. "నీ పనికి మనుషులు ఇచ్చిన నంబర్లల దెబ్బ పడ్డది. నాలుగు ఫారాలల్ల మూడు మంచిగనే ఉన్నయి. ఒక్కటే ముంచింది. పేర్లు కనవడవు. మేనేజర్ సారును అడిగి ఫోన్ జేస్త, జర ఆగు."

రామ్‌దాస్ ఆగలేదు.

"నేను పోతే నా చెరుకు కొట్టే ముఠాలన్ని నీకే గద. నాకు ఎరుకలేదారా?"

"నీ కాల్మొక్త అన్నా, నేను ముంచలే." హన్మండ్లు నోట్లోంచి నెత్తురు కారుతోంది.

"మరి నాకు ఎంతిచ్చినవ్? అబద్ధమాడితే గొంతు తెగుతది."

"ఐదు. అన్నిట్ల ఐదే ఇచ్చిన."

రామ్‌దాస్ ముఖం నల్లబడింది.

"ఒక్క కంచంల తిన్నంరా," అంటూ కత్తి లేపాడు.

"నిజమన్నా, ఐదే..."

కత్తి మెడ మీద దిగింది. మళ్లీ దిగింది. హన్మండ్లు కాళ్లు కాసేపు మట్టిని తన్ని ఆగిపోయాయి. చెరుకు మొదళ్లు ఎర్రబడ్డాయి.

జేబులో ఫోన్ మోగింది. శృతి.

"ఎవరో తెలిసిందన్నా."

"నాకెప్పుడో తెలిసింది," అన్నాడు రామ్‌దాస్, కత్తిని ఆకుతో తుడుస్తూ.

"నీకు తెల్వదన్నా. సారుకు చెప్పిన, నవ్విండు. దిద్దుతమన్నడు. నీ నౌకరీ ఎటు పోదు."

"ఎవడు వాడు?"

"నీ గురించి నిన్నే నింపుమన్న ఫారంల అన్నిట్ల ఒకటి కొట్టుకున్నవన్నా, దాంట్ల ఐదంటేనే ఫస్టు."