ఎదుటి మెట్ల మీది మనిషి

సుకన్య కిటికీ రెక్క గబుక్కున మూసి, పాపను గుండెకు అదుముకుంది.

"మేడమ్, గాయన మళ్లొచ్చిండు."

లావణ్య వచ్చి కిటికీ సందులోంచి చూసింది.

రోడ్డుకు అవతల, మూతపడ్డ జిరాక్సు షాపు మెట్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తలకు తువ్వాల. చూపు మాత్రం ఈ ఇంటి మీదే.

హనుమకొండలోని ఆ ఇంటికి బోర్డు లేదు. సొంత ఇంట్లోనే దెబ్బలు తిన్న పసిపిల్లలను తల్లులతో సహా అక్కడ కొన్నాళ్లు ఉంచుతారు. తల్లి బిడ్డను కాపాడుకోగలదా లేదా అని గమనిస్తారు. కాపాడుకోలేదనిపిస్తే బిడ్డ శిశుగృహకు వెళ్లిపోతుంది. ఆ మాట తేల్చి చెప్పాల్సింది ఇన్‌ఛార్జి లావణ్యే.

సుకన్య పాపకు ఇంకా ఏడాది నిండలేదు. తండ్రి భానుచందర్ తాగొచ్చి విసిరికొడితే ఎడమ చెయ్యి విరిగింది. కట్టు ఇంకా విప్పలేదు.

"ఎవరో గుర్తుపట్టినవా?"

"లే మేడమ్. నా మొగడు ఆయన దోస్తులను, చుట్టాలను ఒక్కల్ని గూడ నాకు చూపియ్యలే. మా జాడ తీయనీకి పంపిన మనిషే అయ్యుంటడు."

అని, లావణ్య చెయ్యి పట్టుకుంది.

"నేను భయపడుతున్న అని మాత్రం రాయకుండ్రి మేడమ్. పాపను తీస్కపోతరు."

"భయమైతే చెప్పాలె సుకన్యా. దాచిపెడితేనే పాపకు ముప్పు."

అన్నదే గానీ, లావణ్య తానూ మరోసారి కిటికీ సందులోంచి చూసింది.

వాచ్‌మన్ ఎల్లస్వామిని వెంటబెట్టుకుని రోడ్డు దాటింది.

"ఎవరు తాతా నువ్వు? రోజూ ఇక్కడెందుకు కూర్చుంటున్నవ్?"

ముసలాయన లేచి నిలబడ్డాడు.

"ఊకెనే బిడ్డా."

"ఊకెనే ఎవరన్న కూసుంటరా?" ఎల్లస్వామి గద్దించాడు.

ఆయన చూపు కిటికీ వైపు మళ్లింది.

"పాప చెయ్యి అతికిందా?"

లావణ్య ఆయనకూ కిటికీకీ మధ్యకు జరిగింది. పాప ఆ ఇంట్లో ఉన్నట్టు బయటివాళ్లకు తెలియకూడదు.

"నీకెవరు చెప్పిండ్రు?"

ఆయన అటూ ఇటూ చూశాడు. దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"మీ ఎనుక గోడ శాన తక్కువున్నది బిడ్డా. మొగోడు ఒక్క దుంకు దుంకితే లోపలుంటడు. జర పైలం."

అది బెదిరింపే అనుకుంది లావణ్య. అక్కడి నుంచే పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసింది.

జీపు వచ్చింది. కానిస్టేబుళ్లు రెక్క పట్టుకోగానే ముసలాయన బతిమాలాడు.

"ఈ ఒక్క దినం ఉండనియ్యి బిడ్డా. నీ కాల్మొక్కుత."

"ఎందుకుండాలె? చెప్పు."

ఏదో చెప్పబోయాడు. అంతలోనే తువ్వాల మొహం మీదికి లాక్కుని తల దించుకున్నాడు. జీపు వెళ్లిపోయింది.

"ఇంక ఫికర్ లేదు," అంది లావణ్య లోపలికొచ్చి.

సుకన్య కిటికీ తెరిచింది. వెలుతురులో కూర్చుని పాపకు మెత్తటి అన్నం తినిపించింది.

మధ్యాహ్నం దాటుతుండగా పెరట్లో బిందెలు దొర్లిన చప్పుడైంది. వెంటనే ఎల్లస్వామి కేక.

"మేడమ్! తలుపేసుకోండ్రి!"

వెనక గోడ దూకి భానుచందర్ వస్తున్నాడు. అడ్డుపోయిన ఎల్లస్వామిని ఒక్క తోపు తోశాడు.

లావణ్య తల్లీబిడ్డలను వంటింట్లోకి నెట్టి గడియ వేసింది. గ్యాస్ సిలిండరును తలుపుకు అడ్డం లాగింది. పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసింది.

"నా బిడ్డను నాకియ్యే! లేకుంటే ఇద్దర్ని ఈడనే చంపుత!"

ఒక్కో తన్నుకూ గడియ మేకులు ఊడుతున్నాయి. పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

సుకన్య పాపను లావణ్య చేతుల్లో పెట్టింది.

"మీరు పాపను పట్టుకోండ్రి మేడమ్. నేను తలుపుకాడ నిలబడ్త. నన్ను దాటినంకనే రావాలె."

తలుపుకు వీపు ఆనించి కళ్లు మూసుకుంది.

అంతలో బయట ఎవరో దబ్బున పడ్డారు.

"ఇడువు! ఇడువు ముసలోడా!"

లావణ్య వంటింటి కిటికీలోంచి పెరట్లోకి చూసింది.

స్టేషన్‌లో వదిలేసినట్టున్నారు. ఆ ముసలాయన నేల మీద పడి భానుచందర్ రెండు కాళ్లనూ వాటేసుకుని ఉన్నాడు. భానుచందర్ ఇటుకతో తల మీద కొడుతున్నాడు. మళ్లీ కొడుతున్నాడు. తువ్వాల ఎర్రబడింది.

చేతులు మాత్రం వీడలేదు.

పోలీసులు వచ్చి భానుచందర్‌ను పట్టుకుని, ముసలాయన వేళ్లను ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

ఎల్లస్వామి కుంటుతూ పోయి ఆటో ఆపాడు. లావణ్య ముసలాయన తలను ఒళ్లో పెట్టుకుంది. ఆటో దవాఖాన వైపు పరుగెత్తింది.

"పాప..."

"మంచిగున్నది తాతా. నిన్ను తప్పుగ అనుకున్న. మాఫ్ చెయ్యి. నాకు ముందే ఎందుకు చెప్పలే? ఎవరు నువ్వు?"

దవాఖాన గేటు కనబడుతుండగా, ప్రాణం పోయే ముందు ఆయన అన్నది ఒక్కటే: "వాని తండ్రినని చెప్పుకోను మొకం చెల్లలే బిడ్డా... వాన్ని పోలీసోళ్లు బాగ కొట్టకుంట చూడు."