గొళ్లెం ఊడిన బ్రౌజరు

"ఇది తప్పు పనన్నా," అన్నాడు నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే ముర్తుజా, గోపీనాథ్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటూ.

"తప్పో ఒప్పో నామినేషన్లయ్యాక మాట్లాడుకుందాం. ముందు కానియ్!"

ఇంకో గంటలో నామినేషన్ల గడువు ముగుస్తుంది. ఊరి సర్పంచి పదవి ఈసారి ఆడవాళ్లకు వచ్చింది. ఎదుటి వర్గం సాంబశివరావు తన కోడలు సంజనను నిలబెడతాడో, భార్య పార్వతమ్మను నిలబెడతాడో మూడో కంటికి తెలియనివ్వడం లేదు. సంజనైతే గోపీనాథ్‌కు దిగుల్లేదు, తన భార్య జ్యోతిర్మయి చాలు. పార్వతమ్మైతే మాత్రం కొంప మునిగినట్టే! ఊరంతా అక్కా అక్కా అంటూ ఆమె చుట్టే తిరుగుతుంది. అప్పుడు తన తల్లినే దింపాలి. పాపం, పొద్దుటి నుంచీ అతనికి ముద్ద దిగలేదు.

"ఇంతకీ మా సాంబశివరావు బావ కంప్యూటర్లో దూరగలవా?"

"ఆయన బ్రౌజరు ఏ కాలందో అన్నా! అప్‌డేట్ చెయ్యమని అది మొత్తుకుంటానే ఉంటది, ఆయన పట్టించుకోడు. గొళ్లెం ఊడిన తలుపనుకో. పొద్దున మిర్చి రేటని ఒక లింకు పంపా, తెరిచాడు. అంతే, దారి దొరికింది."

గోపీనాథ్ పడీపడీ నవ్వాడు. "మండలంలో తనంత తెలివిగలోడు లేడంటాడు. తలుపేసుకోటం కూడా చేతగాదు!"

"ఇదిగో, ఆయన తెర మీద ఏముందో ఇప్పుడు మనకీ కనబడుద్ది," అని ముర్తుజా మీట నొక్కాడు.

గోపీనాథ్ కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు. తెరలో ఎవరో కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు. అతను నోరు తెరిచాడు. తెరలో మనిషీ తెరిచాడు.

"ఒరేయ్, ఇది నేనే కదరా!"

ముర్తుజా గతుక్కుమన్నాడు. "మీ కెమెరాలోంచి ఆయన మనల్నే చూస్తన్నాడన్నా! మీ బ్రౌజరూ పాతదేనా ఏంది? ఈమధ్య ఏదన్నా లింకు తెరిచారా?"

"నిన్న... పత్తి రేటని వస్తే..."

అంతలో ఫోను మోగింది. సాంబశివరావు.

"బావా, అత్తయ్యను దింపుతావా, చెల్లెమ్మనా? తొందరగా తేల్చవయ్యా! అది తెలిస్తేగానీ నేనెవర్ని దింపాలో తెలవక, పొద్దుట్నించీ నీ మొహమే చూస్తా కూర్చున్నా!"