ఖాళీ తుపాకీ

"ఇది ఖాళీదే. భుజానికి తగిలించుకునే పట్టీ తెగింది, కొత్తది వెయ్యి," అని హిందీలో చెప్పి, అరబ్బు ముసలాయన తన వేట తుపాకీని దయాకర్ చేతికిచ్చాడు. అబూధాబీలోని ఆ తుపాకుల దుకాణంలో దయాకర్‌కు అది మొదటి రోజు.

"తెరిచి చూడు," అన్నాడు పాత సేల్స్‌మన్ రహమతుల్లా, మెల్లగా తెలుగులో.

"పెద్దమనిషి ఖాళీ అన్నంక మల్ల చూస్తే అవమానం గాదా భాయ్? షికాయత్ జేస్తే నా నౌకరి ఖలాస్."

"చూడకపోతే ఎవరి ప్రాణమో ఖలాస్ అబ్బయా."

దయాకర్ గొట్టాన్ని గోడవైపు తిప్పి, తూటా గది తెరిచే బోల్ట్ లాగాడు. లోపల తూటా లేదు. ముసలాయన ముఖంలో నవ్వూ లేదు.

పట్టీ వేసి తిరిగిస్తూ, "ఖాళీగానే ఉంది అర్బాబ్. మాఫ్ కరో," అన్నాడు.

ముసలాయన తనూ గొట్టాన్ని గోడవైపే తిప్పి, బోల్ట్ లాగి, చిటికెనవేలు లోపల పెట్టి తడిమి చూశాడు.

"నేనూ నీ మాట నమ్మలేదుగా," అన్నాడు. "మరి మాఫీ దేనికి?"