చిన్న గ్లాసుడు బియ్యం

ఉల్లిపాయ తరుగుతున్న భర్త వెనక నిలబడి, నడుం మీద చేతులు వేసుకుని చూస్తోంది ఆవిడ.

"ఏమిటా కోయడం? దానికేమైనా ఆపరేషన్ చేస్తున్నారా? అది చచ్చి చాలాసేపైంది. ధైర్యంగా కొయ్యండి!"

ఆయన మోచేత్తో కళ్లు తుడుచుకుని, ముక్కలు ఇంకాస్త సన్నగా తరగసాగాడు.

ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్ని గంటలకు కదలాలో చెప్పే మనిషికి సొంత టైమంటూ లేదు. ఒక వారం తెల్లవారుజామున డ్యూటీ, ఇంకో వారం మధ్యాహ్నం. ఎవరైనా సెలవు పెడితే రెండూ ఆయన నెత్తినే. అలాంటి మనిషికి మూడు నెలల కిందట ఉన్నట్టుండి వంట మీదికి మనసు మళ్లింది. పెళ్లికి ముందు అద్దె గదిలో తనే వండుకునేవాణ్ణని, పప్పు ఉడికే వాసనకే ప్రాణం లేచొచ్చేదని, ఇప్పుడదంతా మరిచిపోయానని, మళ్లీ నేర్చుకుని గరిటె పట్టాలని ఉందని అన్నాడు.

ఆవిడ పగలబడి నవ్వింది. పక్కింటి టీచరమ్మని గోడ దగ్గరికి పిలిచి మరీ చెప్పింది.

"ఇరవై రెండేళ్లలో మంచినీళ్లు ముంచుకుని తాగిన పాపాన పోలేదు. ఇప్పుడు వంట చేస్తార్ట, వంట!"

నవ్విందే గానీ, లోపల కాస్త గుబులుగానే ఉంది. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే అయినా ఆవిడ మాటకు తిరుగు లేదు. కారణం పొయ్యి. ఆయన కడుపుకి హోటలు తిండి పడదు. ఏ గొడవైనా "రేపట్నుంచి వండను, ఏం తింటారో తినండి" అనే దగ్గర ఆగిపోయేది. మొన్నామధ్య ఆయన అక్క చెప్పాపెట్టకుండా వస్తే, ఆవిడ గుమ్మంలోంచే సాగనంపింది. ఆయన ఏదో అనబోయాడు. ఆవిడ వంటింటి వైపు ఒక్క చూపు చూసింది. ఆయన చెప్పులేసుకుని అక్కని బస్సెక్కించి వచ్చాడు. అలాంటి మనిషి వంట నేర్చుకుంటే ఇక తన మాట వినేదెవరు?

కాదంటే పట్టుదల పెరుగుతుందని, వెక్కిరిస్తూ నేర్పింది. నాలుగు రోజుల్లో తనే విసుగెత్తి మానేస్తాడని ఆవిడ ధీమా.

ఆయన మానలేదు. డ్యూటీకి గంట ముందు లేచి పప్పు కడిగేవాడు. డ్యూటీ నుంచి వస్తూ కూరగాయలు తెచ్చి, బూట్లు విప్పీ విప్పకుండానే కత్తిపీట ముందు కూర్చునేవాడు.

"చిన్న గ్లాసుడు బియ్యానికి నీళ్లెన్ని?" అని అడిగాడు ఒకరోజు.

"చిన్న గ్లాసుడా? పిచ్చుకలకి పెడతారా?"

"పాడైపోయినా కొంచెమే పోతుంది కదా అని."

"ఆహా, ఏం పొదుపండీ! రెండు గ్లాసులు. ఇది కూడా డిపో పుస్తకంలో రాసుకోండి."

నిజంగానే రాసుకున్నాడు. ఆవిడ మూతి తిప్పుకుంది.

అన్నం ఒకరోజు జావ, ఒకరోజు రాళ్లు. బంగాళాదుంపలు మాడి బొగ్గులయ్యాయి. "దీన్ని మీ డిపోలో టైర్ల అతుకులకి వాడుకోండి" అంది ఆవిడ. ఆయన ఆ మాడుని ఓపిగ్గా గీకి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టాడు. రానురాను ఆ మొహంలో ఏదో వెలుగు వచ్చింది. తాలింపు చిటపటలాడుతుంటే ఈల వేసేవాడు. మెతుకు పట్టి చూసి, అది సరిగ్గా ఉడికితే తనలో తనే నవ్వుకునేవాడు. ఆ నవ్వు చూస్తే ఆవిడకు ఒళ్లు మండేది.

"వదినా, మీకు తెలియడం లేదు గానీ..." అంది టీచరమ్మ ఒకరోజు. "మీ పెళ్లిరోజు దగ్గరికొస్తోందిగా? మిమ్మల్ని కూర్చోబెట్టి వడ్డించాలని అన్నయ్యగారి ముచ్చట అయ్యుంటుంది."

"ఆయనకా? ఆ మొహానికి అంత సరసం కూడానా!"

అలా అన్నదే కానీ, ఆ సాయంత్రం పట్టుచీర తీసి నీరెండలో వేసింది.

పెళ్లిరోజు రానే వచ్చింది. ఆయన సెలవు పెట్టాడు. ఉల్లిపాయలు తరగడం పూర్తిచేసి, ఆవిణ్ణి వంటింట్లోంచి బయటికి పంపించాడు.

"ఇవాళ నువ్వేమీ చెప్పొద్దు, నేనేమీ అడగను. తిని నిజం చెప్పు, అంతే."

ఆవిడ పట్టుచీర కట్టుకుని బల్ల ముందు కూర్చుంది. అన్నం, పప్పు, బంగాళాదుంప కూర వడ్డించి, ఆయన పరీక్ష రాసిన పిల్లాడిలా ఎదురుగా నిలబడ్డాడు.

ఆవిడ ఉప్పులో తప్పు వెతికింది. దొరకలేదు. కారంలో వెతికింది. అక్కడా లేదు. అన్నం మెతుకు మెతుకూ విడివిడిగా ఉంది. రెండోసారి పప్పు తనే వేసుకుంది.

"ఊఁ, బాగానే ఉంది" అంది చివరికి, పన్ను పీకించుకుంటున్నట్టు.

"నా మొహం చూసి చెప్పడం లేదు కదా?"

"మీ మొహం చూస్తే తిన్నది కూడా అరగదు. నిజంగానే బాగుందండీ. రేపు నేను లేకపోయినా మీ కడుపుకి లోటుండదు. చాలా?"

"చాలు" అన్నాడు ఆయన. మూడు నెలలుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టు అన్నాడు.

తనూ తిన్నాడు, మెల్లగా, ప్రతి ముద్దా ఇష్టంగా. గిన్నెలు కడిగి బోర్లించాడు. పొయ్యి తుడిచాడు. గదిలోకి వెళ్లి బీరువా తెరిచాడు.

బహుమతి కూడానా! ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుంది, జుట్టు సవరించుకుంది. "ఏం తెచ్చారో తీసుకురండి. ఎలాగూ నాకు నచ్చదనుకోండి" అని కేకేసింది, వస్తున్న నవ్వుని పెదాల కింద నొక్కిపెట్టి.

ఆయన బట్టల పెట్టెతో వచ్చి, ఇంటి తాళంచెవి ఆవిడ ముందు పెట్టి, గుమ్మం దాటి వెళ్లిపోయాడు.