అమ్మకండి

“అమ్మకండి.”

కారు కిందనుంచి బయటికొచ్చి, చొక్కాకు అంటిన దుమ్ము దులుపుకుంటూ ఆ పెద్దాయన అన్న మొదటి మాట అది.

లెక్కల మాస్టారు కళ్లు చిట్లించి చూశాడు.

కారు వెనకద్దం మీద ‘అమ్మబడును’ అని కాగితం అంటించి రెండు రోజులైంది. ఫోన్ చేసి చూడ్డానికి వచ్చిన మొదటి మనిషి ఇతనే.

కారు మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. ఈమధ్య స్టార్ట్ చేస్తే చాలు, లోపల టకటకమని చప్పుడు. ఎప్పుడూ చూసే మెకానిక్ పాడైన వాటి జాబితా పేజీ నిండా రాసిచ్చాడు. మాస్టారికి అతని మీదా నమ్మకం లేదు. అసలు ఎవరి మీదా లేదు. పెన్ను కొన్నా షాపులో నాలుగు గీతలు గీసి, ఐదోది ఇంటికొచ్చి గీసి చూసుకునే రకం.

“అమ్మొద్దా? మరెందుకొచ్చినట్టు?”

“ఇంజిన్ గట్టిగా ఉంది సార్. ఆ చప్పుడు పెద్ద జబ్బేం కాదు, ఒక పూట పని. ముందు చక్రాల బ్రేకులు అరిగాయి. టైమింగ్ బెల్టు మాత్రం వెంటనే మార్పించండి, అది తెగితే ఇంజిన్ పోతుంది. ఈ మూడూ చేయిస్తే ఇంకో లక్ష కిలోమీటర్లు ఢోకా లేదు.”

ఆయన అరుగు మీద కూర్చున్న పదేళ్ల పాపవైపు చూశాడు. తొడనుంచి మడమ దాకా కాలికి ఆసరాగా ఇనప పట్టీలు బిగించి ఉన్నాయి.

“ముందు సీటు అంత వెనక్కి జరిపింది పాప కోసమేనా?”

“అవునండీ, మోకాలు వంగదు” అంది మాస్టారి భార్య. “వారానికి రెండుసార్లు అరవై కిలోమీటర్లు తీసుకెళ్లి కాలికి వ్యాయామం చేయించాలి.”

మాస్టారు భార్యను గుర్రుగా చూశాడు. ముక్కూ మొహం తెలియని వాడికి ఇంటి సంగతులన్నీ ఎందుకు?

“ఇంత కాలు చాపుకునే చోటు చిన్న కార్లలో ఉండదమ్మా” అన్నాడాయన.

“మీ షెడ్డు ఎక్కడ?” మాస్టారు అడ్డుపడ్డాడు.

“షెడ్డు లేదండి.”

“మరేం చేస్తుంటారు?”

“పాత కార్లు చూసి చెబుతుంటాను.”

“ఎవరికి?”

ఆయన తల దించుకుని చేతులు తుడుచుకున్నాడు.

“ఫీజెంత?”

“ఏమొద్దండి” అని స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

మాస్టారు గబగబా బానెట్ ఎత్తి లోపలంతా వెతికాడు. డిక్కీ తెరిచి స్పేర్ టైరు చూశాడు. జాకీ చూశాడు. అన్నీ ఉన్నాయి.

“ఏం పోయిందండీ?” అంది భార్య.

“ఏమీ పోలేదు.”

“మరింకేం?”

“అదే నా అనుమానం! పోలేదంటే మళ్లీ వస్తాడన్నమాట.”

అన్నట్టే బుధవారం వచ్చాడు. ఈసారి నడిచి వచ్చాడు. గేటు బయటే ఆగాడు.

“బెల్టు మార్పించారా సార్?”

“నీకెందుకయ్యా అంత బాధ?” మాస్టారు గొంతు వీధి చివరిదాకా వినిపించింది. “ఏ షెడ్డువాడు పంపించాడు నిన్ను? ఎవరి దగ్గర వాటా కుదుర్చుకున్నావ్? ఇంకోసారి ఈ గేటు దగ్గర కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తా!”

ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

ఆయన మొహం చిన్నబోయింది. “రానులెండి” అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “పాపను దూరం తీసుకెళ్లేముందు మాత్రం బెల్టు మార్పించండి.”

“పాపం, మంచివాడిలా ఉన్నాడండీ” అంది భార్య.

“మోసగాళ్లందరూ అలాగే ఉంటారు.”

శుక్రవారం నల్లకళ్లద్దాల మనిషి ఒకడు వచ్చాడు. పొగగొట్టంలో వేలు పెట్టి, నల్లటి మసి తీసి చూపించాడు.

“ఇది కారు కాదు సార్, ఇనప సామాను. మీ మొహం చూసి తీసుకెళుతున్నా.”

ఇతని మీద మాత్రం మాస్టారికి అనుమానం రాలేదు. వస్తువును తిట్టేవాడే నిజంగా కొనేవాడని ఆయన లెక్క. తాను చెప్పిన ధరలో సగానికే తాళాలు చేతిలో పెట్టేశాడు.

తర్వాత మెరిసిపోతున్న చిన్న కారొకటి కొన్నారు. పాప కాలు ముందు సీట్లో పట్టలేదు. వెనక సీట్లో అడ్డంగా పడుకోబెట్టారు. మలుపు వచ్చినప్పుడల్లా పాదం తలుపుకు తగిలి పాప మూలిగేది.

“ఇంకెంత దూరం నాన్నా?” అని మాటిమాటికీ అడిగేది. పాత కార్లో ఏనాడూ అలా అడగలేదు.

మూడు వారాలు గడిచాయి. స్కూలు పనిమీద ఊరవతలికి వెళ్లిన మాస్టారు, పాత కార్లు అమ్మే ఆవరణ ముందు టక్కున ఆగిపోయాడు.

మొదటి వరుసలోనే తన కారు. ఒకతను గుడ్డతో తుడుస్తున్నాడు.

మాస్టారు లోపలికి వెళ్లి, ఏమీ ఎరగనట్టు అడిగాడు. “ఈ కారెలా ఉంటుందయ్యా?”

“కళ్లు మూసుకుని తీసుకోండి సార్. బ్రేకులు, బెల్టు కొత్తవి వేశాం. ఇంకో లక్ష కిలోమీటర్లు తిరుగుతుంది.”

మాస్టారు ఒక అడుగు ముందుకేశాడు.

“ఆ సంగతి నీకెవరు చెప్పారు?”

“మా పెద్దాయన. పదిహేడేళ్లు ఇక్కడే చేశాడు. కార్ల విషయంలో ఆయన మాటంటే మాటే.”

“ఆయన్నొకసారి కలవొచ్చా?”

తుడిచేవాడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“ఇంకెక్కడ సార్! అమ్మేవాళ్ల ఇంటికి ముందుగా వెళ్లి, లేని వంకలన్నీ పెట్టి ధర దించి రావడమే ఆయన ఉద్యోగం. ఈ ఒక్క కారుకు మాత్రం ఏ వంకా పెట్టకుండా ‘అమ్మకండి’ అని చెప్పొచ్చాడట, ఆ సాయంత్రమే మా ఓనరు పన్లోంచి తీసేశాడు.”