చప్పగుండాలె

1998 ఏప్రిల్ 14, మంగళవారం. ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు, గాలి లేదు. మాదాపూర్ బండరాళ్లు నిన్నటి వేడిని ఇంకా వదలలేదు.

హరిత నాలుగు నెలల పాపను భుజాన వేసుకుని వెనక బాల్కనీలోకి వచ్చి, గడప దగ్గరే ఆగిపోయింది.

పనిమనిషి ఈరమ్మ, ఉతికి పిండిన పాప గుడ్డ అంచును నాలుకకు తాకిస్తోంది.

ఒకటి తాకించి దండెం మీద వేసింది. రెండోది తాకించి, మొహం చిట్లించి, తిరిగి నీళ్లలో ముంచింది.

"అమ్మా, ఒకసారి ఇటు రా" అని హరిత తల్లిని పిలిచింది.

మనవరాలి కోసం ప్రొద్దుటూరు నుంచి వచ్చిన అనసూయమ్మ చూసింది.

"ఏంది నువ్వు చేసేది? పసిబిడ్డ గుడ్డను ఎంగిలి చేస్తాండావా?"

"ఎంగిలి గాదమ్మా. సబ్బు పోయిందా లేదా సూస్తున్న. చప్పగుండాలె. జర సబ్బున్నా పొల్లకు మంట లేస్తది."

"అందుకేనా బకెట్లకు బకెట్లు పారబోస్తాండావు? ట్యాంకరు వచ్చేది రెండు దినాలకొకసారి. మందు కలిపిన నీళ్లు గూడా ఒంపేసినావే!"

"ఆ మందుతోనే పరేషాన్ అమ్మా."

"నీకెంతమంది పిల్లోళ్లు?"

ఈరమ్మ చేతిలోని గుడ్డను ఇంకోసారి పిండింది.

"లేరమ్మా."

"బిడ్డను కననిదానివి, నలుగురిని కన్నదానికి నేర్పిస్తావా?"

ఈరమ్మ మళ్లీ బకెట్టు మీదికి వంగింది.

పాపకు రెండో నెలలో తొడల మధ్య ఎర్రగా కంది, ఒరుసుకుపోయింది. మలాములు మారాయి, పౌడర్లు మారాయి. మంట మాత్రం మారలేదు. క్రిములు చావాలని అనసూయమ్మ ఆఖరి బకెట్టులో ఘాటైన వాసన మందు కలిపేది. దద్దుర్లు పెరిగినకొద్దీ మందూ పెంచేది. పాప తడిపినప్పుడల్లా కెవ్వుమని ఏడ్చేది.

పదకొండు రోజుల కిందట ఆ ఇంట్లోకి రెండు వచ్చాయి. ఒకటి కొత్త మలాం. రెండోది, ఎదురుగా లేస్తున్న గుండ్రటి ఆఫీసు భవనం పక్క కూలీల గుడిసెల నుంచి పని అడుగుతూ వచ్చిన ఈరమ్మ. పదకొండో రోజుకు పాప చర్మం ఆరింది.

అందరూ మలామును మెచ్చుకున్నారు.

హరిత తల్లి వైపు చూసింది, ఈరమ్మ వైపు చూసింది. రెండు నెలలుగా నిద్ర లేని మనిషికి న్యాయం విచారించే ఓపిక ఉండదు.

"రేపటి నుంచి రావద్దులే, ఈరమ్మా."

ఈరమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. పాప అరికాలిని వేలితో తాకబోయి, మానుకుంది.

"పోతనమ్మా. ఆ వాసన మందు మాత్రం కలపకుండ్రి."

ఆమె మెట్లు దిగుతుండగానే అనసూయమ్మ బకెట్టులో నాలుగు మూతల మందు పోసింది.

మూడో రోజుకు ఎరుపు తిరిగి వచ్చింది. ఏడో రోజుకు పొక్కులు చితికాయి. సోమవారం ఆఫీసులో చేరవలసిన హరిత, ఇంకో వారం సెలవు కోసం ఫోన్లో బతిమాలుకుంది.

"ఆ వారంలో తగ్గకపోతే ఉద్యోగం మానేస్తానమ్మా" అంది, కళ్లు మూసుకునే.

శనివారం అమీర్‌పేటలో కొత్త డాక్టరు దగ్గరకు వెళ్లారు. డాక్టర్ శ్రీలత పాపను చూసి, మందు చీటీ జోలికి పోలేదు.

"ఉతికిన గుడ్డ ఉందా సంచిలో?"

హరిత తీసి ఇచ్చింది.

డాక్టరు ఆ గుడ్డ అంచును నాలుకకు తాకించింది.

అనసూయమ్మ కుర్చీలోంచి సగం లేచింది.

"చేదుగుంది. ఏం కలుపుతున్నరు?"

హరిత చెప్పింది.

"ఎన్ని నీళ్లల్ల జాడిస్తున్నరు?"

"ఒక్క బకెట్టు."

"పాపకు రోగమేం లేదమ్మా. సబ్బును, మందును పూటపూటకూ ఒంటికి చుడుతున్నరు, అంతే. మందు బంద్ చేయండి. చప్పగయ్యేదాక మంచినీళ్లల్ల జాడించండి. వారంల తగ్గుతది."

హరిత ఆ గుడ్డను వెనక్కి తీసుకుంది.

"ఇలా చూడడం మీకు కాలేజీలో నేర్పారా, డాక్టర్ గారూ?"

డాక్టరు నవ్వింది.

"ఏ పుస్తకంల లేదమ్మా. నేను ప్రసూతి దవాఖానల పని నేర్చుకునే రోజుల్ల, అక్కడ బట్టలుతికే షెడ్డుల ఒకామె నేర్పింది. ఆమె నాలుకకు తాకకుండ ఒక్క గుడ్డ వార్డులకు రాకపోయేది. నిరుడు మెషీన్లు వచ్చినయ్, ఆమెను తీసేసిండ్రు. ఈరమ్మ అని..."

అనసూయమ్మ తిరిగి కుర్చీలో కూలబడింది.

"ఆమెకు పిల్లోళ్లు లేరు" అంది.

"మీకు తెలుసా ఆమె? అవును, లేరు. కానీ దినాం ముప్పైమంది పుట్టేటోళ్లు ఆడ. ఇరవై ఏండ్లు అందరి గుడ్డలు ఆమే ఉతికింది."

క్లినిక్ నుంచి ఆటోలో నేరుగా గుడిసెల దగ్గరకు వెళ్లారు. అక్కడ గుడిసెలు లేవు. మూడేసి రాళ్ల పొయ్యిలు మాత్రం వరుసగా మిగిలాయి.

"స్లాబు పని అయిపోయిందమ్మా. మేస్త్రీ మొన్ననే అందరిని తోల్కపోయిండు" అన్నాడు కాపలా ఉన్న కొమురయ్య.

"ఎక్కడికి?"

"ఏమో, ఎరుక లేదు."

పాపకు ఆరు రోజుల్లో తగ్గింది. హరిత ఉద్యోగంలో చేరింది.

2005లో ఆమెకు రెండో బిడ్డ పుట్టింది. ఆ బిడ్డ గుడ్డలను పనిమనిషికి ఇవ్వకుండా అనసూయమ్మే జాడించేది, ఒక్కొక్కదాన్నీ నాలుకకు తాకించి చూసి, చప్పగా ఉంటేనే దండెం మీద వేసేది.